నెల తిరుగులోపల: పట్టణపు పాలనయు, పంచాయతీ బాధ్యతయు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులకు పట్టణపు పాలనను గూర్చి చెప్పుట యేల అని మీలో కొందరికి తోచవచ్చును. గ్రామమునకు పొలము, చెరువు, పశువు ముఖ్యము. పట్టణమునకు బజారు, కర్మాగారము, బస్సుల స్టాండు ముఖ్యము. పైకి చూచినచో రెంటికిని పొత్తు లేనట్లే కనబడును. కాని త్రాగునీరు, మురుగుకాలువ, వీధిదీపము, చెత్త, జనన మరణముల నమోదు, ఇంటిపన్ను అను ఆరు విషయములలో పురపాలక సంఘమునకును గ్రామ పంచాయతీకిని పని ఒక్కటియే. భేదమున్నది పరిమాణమందు మాత్రమే. పట్టణమున వార్డునకొక కౌన్సిలరు ఉన్నట్లే గ్రామమున వార్డునకొక సభ్యుడు కలడు. అచ్చట కమిషనరు ఉన్నట్లే ఇచ్చట పంచాయతీ కార్యదర్శి కలడు. అచ్చటి కౌన్సిలు తీర్మానము వంటిదే ఇచ్చటి పంచాయతీ తీర్మానమును.

మేము ఈనాడు మీకు చెప్పదలచినది ఒక్క మాట. స్థానిక పాలనకు కొలబద్ద నెల. ఐదేండ్ల పదవీకాలము సభ్యునికి దీర్ఘముగ తోచును. కుళాయి వద్ద బిందెతో నిలుచున్న స్త్రీకి ఒక్క నెలయే దీర్ఘము. ఈ నెల చేసిన తీర్మానము ఏమైనదో వచ్చే నెల నలుగురి యెదుట చెప్పగల సంస్థ సజీవమైన సంస్థ. చెప్పజాలని సంస్థకు భవనమున్నను, బల్లలు కుర్చీలున్నను, ముద్ర యున్నను, అది పేరునకు మాత్రమే పంచాయతీ. ఆరంభశూరులమను నింద మనపై చిరకాలముగ కలదు. నెలనెలా తెరచి చదువదగిన తీర్మానముల పుస్తకము కంటె ఆ నిందకు మంచి సమాధానము లేదు.

వెనుకటి చరిత్ర

ఈ నెలవారీ బాధ్యత మనకు క్రొత్త కాదు. 1952 అక్టోబరు 2న, గాంధీ జయంతి దినమున, దేశమందు 55 ప్రాంతములలో సమాజాభివృద్ధి ప్రణాళికలు ప్రారంభమయ్యెను. ఒక్కొక్క ప్రణాళిక క్రింద సుమారు 300 గ్రామములు, రెండు లక్షల జనాభా ఉండునట్లు ఏర్పాటు చేసిరి. దానిని మూడు బ్లాకులుగ విభజించి, ఐదేసి గ్రామములకు ఒక గ్రామసేవకుని నియమింపదలచిరి. వ్యవసాయము, పశుపోషణ, ఆరోగ్యము, విద్య అను శాఖలన్నియు ప్రజల గడపకు ఆతని ద్వారా చేరవలెనని ఉద్దేశము.

ఉద్దేశము గొప్పదే. అయినను నాలుగైదు సంవత్సరములు గడచునప్పటికి ఒక లోపము బయటపడెను. పని ప్రభుత్వ సిబ్బందిదిగను, ప్రజలు చూచువారుగను మిగిలిపోయిరి. 1957లో బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన ఏర్పడిన సంఘము దీనిని పరిశీలించి, ప్రజలెన్నుకొనిన సంస్థల చేతికి బాధ్యతయు అధికారమును ఇచ్చిననే గాని అభివృద్ధి నిలువదని చెప్పెను. ఆ సిఫార్సు ననుసరించి 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరునందు పంచాయతీ రాజ్యము ప్రారంభమయ్యెను. అదే సంవత్సరము నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశమందు పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడెను. ఈ మార్గమున ముందు నడచిన రాష్ట్రములలో మనది యొకటి యని మనము గర్వింపవచ్చును.

పిదప 1993 ఏప్రిల్ 24న రాజ్యాంగపు 73వ సవరణ పంచాయతీలకును, జూన్ 1న 74వ సవరణ పురపాలక సంఘములకును రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించెను. పంచాయతీల కొరకు పదునొకండవ షెడ్యూలునందు 29 విషయములును, పట్టణముల కొరకు పండ్రెండవ షెడ్యూలునందు 18 విషయములును పేర్కొనబడెను. పల్లెయు పట్టణమును ఒకే సంవత్సరమున, రెండు నెలలైనను గడువకముందే, ఈ గౌరవమును పొందెను. కావున ఒకరి అనుభవము మరియొకరికి పాఠము కావలెను.

పట్టణమున నెల గడచు విధము

చిన్న పట్టణపు పురపాలక కార్యాలయమున నెల ఎట్లు గడచునో చూడుడు.

పని తెల్లవారుజామున మొదలగును. వార్డులలో పారిశుద్ధ్య కార్మికుల మస్టరు పడును. శానిటరీ ఇన్స్పెక్టరు ఎవరు వచ్చిరో, ఎవరు రాలేదో, ఏ వీధికి ఎవరు పోవలెనో చూచును. నీటి విభాగమువారు ట్యాంకులు నింపి వంతుల ప్రకారము నీరు విడుతురు. పగటిపూట పన్నుల విభాగమున వసూళ్లు, ప్రణాళికా విభాగమున ఇంటి నిర్మాణపు దరఖాస్తులు, మరియొక బల్లవద్ద జనన మరణముల నమోదు జరుగును. ఇది దినచర్య. దినచర్య ఎంత చక్కగ సాగినను అది పాలన కానేరదు. ఈ దినచర్యను ప్రజాప్రతినిధుల యెదుటికి తెచ్చి లెక్క అడుగునది కౌన్సిలు నెలవారీ సమావేశము.

ఆ సమావేశమునకు ముందుగా ఎజెండా తయారగును. ప్రతి అంశమునకు కార్యాలయపు వివరణ జతపడును: పని యేది, ఖర్చెంత, ఏ పద్దు నుండి, ఎంత కాలములో. సభ్యులకు నోటీసు ముందే పోవును. చైర్మను అధ్యక్షత వహించును. కౌన్సిలర్లు తమ వార్డుల కష్టములు చెప్పుదురు. తీర్మానము వ్రాతలోనికి ఎక్కును. దానిని అమలుపరచు బాధ్యత కమిషనరుది. వచ్చే సమావేశమున ఒక కౌన్సిలరు లేచి, 'గతమాసపు ఫలానా తీర్మానము ఏమైనది?' అని అడుగగలడు. ఈ ప్రశ్నకు భయపడియే కార్యాలయము మేలుకొనియుండును. ఈ ప్రశ్నను అడుగువాడు లేని పట్టణమున ఎజెండా ఎంత దళసరిగనున్నను ఫలము స్వల్పము.

పట్టణపు పన్నుల విభాగమున ఒక చిన్న పట్టిక కలదు. మూడే గడులు: డిమాండు, వసూలు, బకాయి. పట్టణమున ఆస్తిపన్ను ఆరు నెలలకొకమారు విధింపబడును. అయినను ఆ పట్టికను నెలనెలా చూతురు. ఏ వార్డున బకాయి పెరుగుచున్నదో, ఏ పెద్దమనిషి ఎన్నేండ్లుగ చెల్లింపలేదో అందు తేటపడును. ఈ మూడు గడుల పట్టిక మీ పంచాయతీలోను కలదు. నెలనెలా దానిని సభలో చదువు పంచాయతీలు ఎన్ని? ఇంటిపన్ను చెల్లింపని సభ్యుడు తీర్మానముపై చేయి యెత్తునపుడు ఊరివారు లోలోపల నవ్వుకొందురని మనము మరువరాదు.

చెత్త విషయమునకు వత్తము. నేడు సూర్యాపేట జిల్లాకేంద్రమైనను, ఇరువది యేండ్ల క్రిందట అది నల్లగొండ జిల్లాలోని ఒక పట్టణము. లక్షకు కొంచెము మించిన జనాభా. ఆ పురపాలక సంఘము వీధుల చెత్తకుండీలను తొలగించి, ఇంటింటికి బండి పంపి తడిచెత్తను, పొడిచెత్తను వేరువేరుగ సేకరింపజేసెను. తడిచెత్తతో వానపాముల ఎరువును చేసిరి. పొడిచెత్తలో పనికివచ్చు వస్తువులను వేరుచేసి అమ్మిరి. దేశమందలి అనేక పట్టణములవారు దానిని చూచిపోయిరి. ఇందలి రహస్యము యంత్రములలో లేదు. బండి ప్రతి దినము ఒకే వేళకు వచ్చుటలోను, రాని దినమున కార్యాలయమునకు తెలియుటలోను, నెలాఖరున ఎంత సేకరించితిమి, ఎంత అమ్మితిమి అను లెక్క తేలుటలోను ఉన్నది. వాహనము కొని షెడ్డులో నిలిపిన గ్రామములు ఈ సంగతిని ఆలోచింపవలెను.

సముదాయాభివృద్ధి సిబ్బంది

పురపాలక కార్యాలయమున మరియొక విభాగము కలదు. రోడ్లు, దీపములు వారి పని కాదు. మనుష్యులే వారి పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశమందు 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడెను. దానిని ప్రజలు 'మెప్మా' యందురు. పల్లెలలో వెలుగు సిబ్బంది చేయు పనిని పట్టణపు బస్తీలలో వీరు చేయుదురు. పదిమంది స్త్రీలకొక పొదుపు సంఘము, బస్తీ సంఘములన్నిటికి ఒక సమాఖ్య, పట్టణమంతటికి మరియొక సమాఖ్య అని అంచెలంచెలుగ కూర్పు. సి.ఓ.లనబడు సముదాయ నిర్వాహకులు, ఆర్.పి.లనబడు బస్తీ కార్యకర్తలు ఇంటింటికి తిరుగుదురు.

వీరి నెల వాయిదాల నెల. ఏ సంఘము సమావేశమైనది, ఏది కాలేదు. బ్యాంకు అప్పు వాయిదా ఎవరు కట్టిరి, ఎవరు కట్టలేకపోయిరి, ఏల కట్టలేకపోయిరి. ఏ ఇంట రోగము వచ్చినది, ఏ ఇంట ఆడపిల్ల బడి మానినది. ఈ వివరములు కాగితముపైకి వచ్చునప్పటికి కొంత ఎండిపోవును. తిరిగినవారి మనసులో మాత్రము అవి పచ్చిగనే యుండును. అందుచేత మంచి పట్టణములలో వీరిని కాగితములు నింపుటకే గాక, వార్డు కౌన్సిలరుతో కలిసి మాటలాడుటకు పిలుతురు.

వీధి వ్యాపారుల సంగతి చూడుడు. 2020 జూన్ 1న ప్రారంభమైన పి.ఎం. స్వనిధి పథకమందు తోపుడుబండివారికి, తట్టలవారికి హామీ లేకుండ తొలుత 10 వేల రూపాయల అప్పు, సకాలమున తీర్చినవారికి 20 వేలు, అటుపిమ్మట 50 వేలు ఇచ్చునట్లు నిర్ణయించిరి. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి పట్టణమున అమ్ముకొనువారికి సైతము అందు చోటు కల్పించిరి. కాని వారి పేరు పట్టణపు పట్టికలో లేనిచో సిఫార్సు ఉత్తరము కావలెను. మీ గ్రామమునుండి కూరగాయల తట్టతో తెల్లవారుజామున బస్సెక్కు స్త్రీ పట్టణమునకు పరాయిది, పల్లెలో పగలంతయు కనబడనిది. ఆమెను గూర్చి అడుగవలసినది పంచాయతీ సభ్యుడు కాక మరెవ్వరు?

మరియొక రాష్ట్రమునుండి ఒక ఉదాహరణము. కేరళలోని అలప్పుళ పట్టణమున 1990ల తొలినాళ్లలో బస్తీ స్త్రీలను ఇరుగుపొరుగు సంఘములుగ కూర్చిరి. పేదవారెవరు అను ప్రశ్నను ఆదాయపు ధ్రువపత్రముతో తేల్చలేదు. మంచి ఇల్లు లేకపోవుట, మంచినీరు లేకపోవుట, మరుగుదొడ్డి లేకపోవుట, రెండు పూటలకు మించి తిండి దొరకకపోవుట, ఇంట చదువురాని పెద్దలుండుట వంటి తొమ్మిది గురుతులు పెట్టుకొని, అందు నాలుగైనను ఉన్న ఇంటిని పేద కుటుంబముగ లెక్కించిరి. లెక్కించినవారు ఇరుగుపొరుగు స్త్రీలే. ఎవరి పొయ్యి రాజినదో, ఎవరి పొయ్యి రాజలేదో వారికి తెలియును గదా! 1998లో కేరళ రాష్ట్రమంతట ప్రారంభమైన 'కుటుంబశ్రీ'కి ఈ అనుభవము ఒక పునాదిగ నిలిచెను. మన గ్రామసభలలో లబ్ధిదారుల జాబితా చదువునపుడు కలుగు కలహములకు ఇందొక మందు కలదు: గురుతులు ముందుగ నిర్ణయించి, అందరికి తెలిపి, పిదప పేర్లు వ్రాయుట.

నెల తప్పినచో

నెలవారీ పరిశీలన కాగితపు తంతు మాత్రమే యని తలంచువారికి త్రాగునీటి సంగతి చెప్పెదము.

2018 మార్చి మాసమున గుంటూరు నగరమందు కలుషితమైన త్రాగునీటి వలన అతిసారము వ్యాపించి పలువురు ప్రాణములు కోల్పోయిరి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల గ్రామమందు అతిసారము ప్రబలి పలువురు మరణించిరి. ఒకటి నగరము, ఒకటి గ్రామము. రోగము సరిహద్దు చూడలేదు.

మురుగు కుళాయిలోనికి ఎట్లు వచ్చునో సభ్యులు తెలిసికొనుట అవసరము. మన ఊళ్లలో కుళాయి నీరు దినమున కొంతసేపే విడువబడును. నీరు పారునపుడు గొట్టములో ఒత్తిడి యుండును. గావున పగులు ఉన్నను నీరు వెలికి చిమ్మునే కాని మురుగు లోనికి చొరదు. నీరు కట్టివేసిన పిదప ఒత్తిడి పోయి గొట్టము ఖాళీ అగును. అప్పుడు చుట్టునున్న మురుగు ఆ పగులుగుండ లోనికి ప్రవేశించును. మరునాడు మొదటి బిందెలోనికి వచ్చునది ఆ మురుగే. మురుగుకాలువలో మునిగిపోవుచున్న గొట్టము, కాలువ ప్రక్కనున్న వాల్వు గుంట, మూతలేని కుళాయి గుంట, ఇవియే ప్రమాద స్థలములు. వీనిని కనుగొనుటకు ఇంజనీరు అక్కరలేదు. నెలకొకమారు వీధులవెంట నడచు సభ్యుడు చాలును.

ఇక క్లోరిను. కుళాయి నీటిలో లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండ క్లోరిను మిగిలియుండవలెనని భారత ప్రమాణము చెప్పుచున్నది. ట్యాంకులో బ్లీచింగు పొడి కలిపితిమి అని చెప్పినంత మాత్రమున చాలదు. మూట విప్పి తేమలో ఉంచిన పొడి సత్తువ కోల్పోవును. కొలత లేక వేసినది ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ అగును. అందుచే పరీక్ష ట్యాంకు క్రిందనే గాక, చివరి వీధి చివరి కుళాయి వద్ద చేయవలెను. చిన్న గాజుగొట్టములో నీరు పట్టి మందుచుక్కలు వేసినచో పసుపురంగు వచ్చును. రంగు గాఢతను బట్టి క్లోరిను ఎంతయున్నదో తెలియును. రంగు రానిచో నీటిలో క్లోరిను లేదని అర్థము. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమందు ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పుట నియమముగ పెట్టిరి. మీ గ్రామమందు ఆ ఐదుగురు ఎవరు? పరీక్ష పెట్టె ఎవరి ఇంటనున్నది? చివరిమారు దానిని విప్పినదెప్పుడు? ఈ మూడు ప్రశ్నలకు ఈనాడే సమాధానము చెప్పగల సభ్యులున్నచో వారికి మా అభినందనములు.

రోగము వచ్చిన పిమ్మట బ్లీచింగు మూటలు దించుట, వైద్యశిబిరము పెట్టుట, అధికారులు పరుగెత్తుట చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటయే. ఒక పసిబిడ్డ ప్రాణము పోయిన ఇంటికి ఏ తీర్మానమును ఓదార్పు కాజాలదు.

పంచాయతీ నెల

పట్టణమున ఉన్నంత సిబ్బంది గ్రామమున లేరు. నిజమే. పని పరిమాణము సైతము అంతటిది కాదు. మేము సూచించు క్రమము నాలుగు వారములలో ఇమిడిపోవును. ఇది ఆజ్ఞ కాదు. మీ ఊరి వీలునుబట్టి మార్చుకొనవచ్చును.

మొదటి వారము పంచాయతీ సమావేశము. ఎజెండాలో మొట్టమొదటి అంశముగ గతమాసపు తీర్మానముల అమలు ఉండవలెను. ఒక్కొక్క తీర్మానమునకు ఎదురుగ నాలుగు మాటలు వ్రాయుడు: అయినదా లేదా, కానిచో ఏల, ఎవరు చేయవలెను, ఏ తేదీలోపల. ఇవి పూర్తియగువరకు క్రొత్త తీర్మానము చేపట్టకుడు. మొదటి రెండు మూడు నెలలు ఇది బాధగనే యుండును, ఏలననగా కానివే ఎక్కువగ బయటపడును. ఆ బాధను ఓర్చుకొనిన పంచాయతీ నాలుగవ నెలనుండి తేలికపడును.

రెండవ వారము వీధుల నడక. వార్డు సభ్యుడు, నీటి కుళాయిల పనివాడు, పారిశుద్ధ్య కార్మికుడు కలిసి నడువవలెను. పగిలిన గొట్టములు, నిలిచిన మురుగు, వెలుగని దీపములు ఒక పుస్తకములో వ్రాయవలెను. ట్యాంకు కడిగిన తేదీని ట్యాంకు గోడపై అందరికి కనబడునట్లు రంగుతో వ్రాయించుడు. గోడపై వ్రాసిన తేదీ పాతబడినకొలది ఊరివారే అడుగుదురు. అదియే మీకు మంచి కావలి.

మూడవ వారము తల్లి, బిడ్డ, నమోదు. నెలకొకమారు జరుగు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినమునకు సభ్యులు తప్పక పోవలెను. అంగన్‌వాడీ కార్యకర్త పిల్లల బరువు తూచి వ్రాసిన పుస్తకమును చూడుడు. ఏ బిడ్డ బరువు రెండు నెలలుగ పెరుగలేదో అడుగుడు. బిడ్డ పేరును సభలో చదువరాదు. ఆ ఇంటికి ఆశా కార్యకర్త పోయెనా, తల్లికి సలహా అందెనా అని మాత్రము కనుగొనుడు. జననమరణములను 21 దినములలోపల తెలిపినచో రుసుము లేకుండ నమోదగును. గడువు దాటినకొలది రుసుము, అనుమతి అని చిక్కులు పెరుగును. ఏడాది దాటినచో మెజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. 2023 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన సవరణ ననుసరించి, ఆనాటినుండి పుట్టిన బిడ్డలకు బడిలో చేరుటకు, ఓటర్ల జాబితాలో చేరుటకు జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారము. నేడు ఒక కూలి తల్లికి తెలియక జరిగిన ఆలస్యము బిడ్డకు ఏండ్ల తరబడి కష్టమగును. నెలనెలా ఈ పుస్తకమును చూచు పంచాయతీలో అట్టి ఆలస్యము జరుగుటకు చోటు ఉండదు.

నాలుగవ వారము లెక్కలు. డిమాండు, వసూలు, బకాయి; వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు, మిగిలిన నిలువ. ఒక పుటలో వ్రాసి పంచాయతీ గోడకు అంటింపుడు. లెక్క దాచినచోట అనుమానము మొలచును. లెక్క చూపినచోట పన్ను వసూలు సులభమగును. వరంగల్లు జిల్లా గీసుకొండ మండలములోని గంగదేవిపల్లి 1994లో వేరు పంచాయతీ అయిన చిన్న గ్రామము. త్రాగునీరు, పారిశుద్ధ్యము వంటి ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంఘమును ఏర్పరచుకొని, గ్రామస్థులే బాధ్యత పంచుకొని, ఇంటిపన్నును పూర్తిగ చెల్లించు గ్రామముగ పేరుపొందెను. అంతటికిని కారణము పనివారిని ప్రజలలోనే వెదకికొనుట.

మన ఊరిలోనే ఉన్న పాఠశాల

నెలవారీ క్రమశిక్షణ నేర్చుకొనుటకు పట్టణమునకు పోనక్కరలేదని ఇచ్చట ఒప్పుకొనవలెను. మీ వీధిలోనే దాని పాఠశాల కలదు. మహిళా పొదుపు సంఘముల పంచసూత్రములు మీరు వినియుందురు: క్రమము తప్పని సమావేశము, క్రమము తప్పని పొదుపు, సంఘములో అప్పు ఇచ్చి పుచ్చుకొనుట, సకాలమున తీర్చుట, పుస్తకముల నిర్వహణ. చదువు అంతంత మాత్రమే యున్న స్త్రీలు ఈ ఐదింటిని పాటించి బ్యాంకుల నమ్మకము సంపాదించిరి. వాయిదానాడు రానివారిని ఇంటికి పోయి పిలుచుకొనివచ్చిరి. పంచాయతీ సమావేశమునకు కోరము చాలక సంతకముల కొరకు పుస్తకమును ఇంటింటికి త్రిప్పు అలవాటు ఎచ్చటనైన ఉన్నచో, ఆ పంచాయతీవారు ఈ సంఘముల సమావేశమున ఒకనాడు మౌనముగ కూర్చుండి చూడవలెను.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు రక్షింపబడినవి. పొదుపు సంఘమున లెక్క చెప్పగల స్త్రీ పంచాయతీ సభ్యురాలైన వెంటనే మాటరానిది కాదు గదా! ఆమె కుర్చీలో భర్తయో, మరిదియో కూర్చుండుట, ఆమె సంతకమును మరియొకరు చేయుట చట్టమునకు విరుద్ధము. అంతకు మించి ఊరికి నష్టము. నీటి కష్టము తెలిసినది ఆమెకు. చివరి కుళాయివద్ద నిలుచునది ఆమె. ఆమె నోట పలుకవలసిన మాటను మరియొకరి చేత పలికించినచో సగము సత్యము బయటనే నిలిచిపోవును.

నిధులు లేవను మాట

ఇన్ని చెప్పితిరి, నిధులెక్కడివని మీరు అడుగుదురు. నిధుల కొరత నిజమే. సకాలమున రాకపోవుటయు నిజమే. దానిని పై సంస్థలను అడుగుట మీ హక్కు, అడుగవలెను. అయినను మేము చెప్పిన పనులను ఒక్కొక్కటిగ లెక్కింపుడు. తీర్మానముల అమలు చదువుటకు ఎంత ఖర్చు? వీధుల వెంట నడచుటకు ఎంత? ట్యాంకు గోడపై తేదీ వ్రాయుటకు ఎంత? జనన నమోదు పుస్తకము చూచుటకు ఎంత? వీనికి కావలసినది కాలము, శ్రద్ధ.

ఇక నిధులు వచ్చినపుడు సైతము ఏ పద్దున ఎందులకు వచ్చినవో సభ్యులందరికి తెలియవలెను. 2021 నుండి 2026 వరకు గల కాలమునకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన నిధులలో 60 శాతము త్రాగునీరు, పారిశుద్ధ్యములకే ముడిపెట్టెను. ఆ కాలమున పగిలిన గొట్టమునకు డబ్బులేదని చెప్పిన పంచాయతీలో, ఆ పద్దును తెరచి చూచిన సభ్యులెందరు? తెలియని సభ్యుడు నిధులు లేవను మాటను నమ్మును. తెలిసిన సభ్యుడు పుస్తకము అడుగును. పుస్తకము అడుగుట అవిశ్వాసము కాదు. అది సభ్యుని విధి.

చివరి మాట

పట్టణపు పాలనలో అంతయు మేలే యని మేము చెప్పలేదు. అచ్చట ఆలస్యములు కలవు, నిర్లక్ష్యము కలదు, గుంటూరు వంటి విషాదములు జరిగినవి. ఇచ్చటి గ్రామములలో పట్టణములు సిగ్గుపడదగిన మంచి పనులు జరుగుచున్నవి. రెండు చోట్లను మంచి జరిగినచోట ఒక్కటే కారణము కనబడుచున్నది: ఎవరో ఒకరు నెలనెలా అడిగిరి, ఎవరో ఒకరు నెలనెలా సమాధానము చెప్పిరి. చెడు జరిగినచోట అడుగువారు లేరు, లేదా అడిగినవారికి సమాధానము చెప్పువారు లేరు.

ఐదేండ్ల పదవీకాలమునకు అరువది నెలలు. అనగా అరువది సమావేశములు, అరువది వీధి నడకలు, అరువది మారులు చివరి కుళాయి నీటి పరీక్ష. ఇందులో కొన్ని ఇదివరకే గడచిపోయినవి. మిగిలినవానిలో మొదటిది వచ్చే నెలదే. ఆ సమావేశమున ఎజెండాలోని ప్రథమాంశము గతమాసపు తీర్మానముల అమలు కావలెనని, ఈ తరగతినుండి ఇంటికి పోయిన వెంటనే మీ సర్పంచికిని కార్యదర్శికిని వ్రాతమూలకముగ తెలుపుడు. మీలో సర్పంచులున్నచో ఎవరును అడుగకముందే ఆ అంశమును మీరే చేర్చుడు.